సముద్రం లేని దేశానికి వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి,

నీ మేనమామ ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి. నువ్వు మూడేళ్ళ పని మీద మలావీ దేశానికి వెళ్తున్నావని, దక్షిణ జిల్లాల్లో కంది, వేరుశనగ పండించే మహిళా రైతుల సంఘాలతో పని చేయబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. రెండు విడతలుగా తొమ్మిదేళ్ళు ఆ నేల మీద తిరిగినవాణ్ణి కనుక, నీకు ఉపయోగపడే నాలుగు మాటలు రాయమని కూడా అడిగింది. ఎండలకూ మలేరియాకూ ఏ జాగ్రత్తలు తీసుకోవాలో నీ సంస్థవారు చెబుతారు. వాళ్ళ శిక్షణ కాగితాల్లో సాధారణంగా కనిపించని సంగతులు మాత్రమే నేను రాస్తున్నాను.

అసలు విషయం మొదటే చెప్పి కారణాలు తర్వాత వివరిస్తాను. అక్కడికి వెళ్ళాక విత్తనాల గురించి మాట్లాడే ముందు, ఆ పంట ఏ దారిన దేశం దాటుతుందో, ఆ దారి ఎవరి చేతిలో ఉందో, చివరన కొనేవారు తమ మాట మీద ఎన్నేళ్ళు నిలబడతారో తెలుసుకో. నేను విత్తనంతో మొదలుపెట్టి దారిని చివరికి వదిలేశాను. దాని ఫలితం నన్ను నమ్మిన రైతుల మీద పడింది.

మన తెలంగాణకు కూడా సముద్రం లేదు. అయితే తాండూరు నుంచి కందులు వేసుకుని ముంబై వైపు బయలుదేరిన లారీని ఆపి, నీ సరుకు ఏ దేశానిదని అడిగేవారు దారిలో ఎవరూ ఉండరు. అందుకే సముద్రం లేకపోవడమంటే ఏమిటో మనకు అనుభవంలోకి రాదు. మలావీకి చుట్టూ ఉన్నవి మూడు దేశాలు: మొజాంబిక్, టాంజానియా, జాంబియా. దేశ విస్తీర్ణంలో అయిదో వంతు దాకా సరస్సే ఉన్నా, ఆ నీటి మీద నడిచే పడవలు సముద్రాన్ని చేరలేవు. చిరాద్జులు కొండల మీద ఒక రైతు పండించిన కందులు సైకిలు మీద సంతకు, అక్కడి నుంచి లారీలో బ్లాంటైర్ పక్కనున్న లింబేలోని పప్పు మిల్లులకు, తర్వాత వందల కిలోమీటర్లు దాటి మొజాంబిక్ తీరాన ఉన్న నకాలా రేవుకో బెయిరా రేవుకో చేరితే తప్ప ఓడ ఎక్కవు. ఈ దారిలో ప్రతి మలుపు దగ్గరా అయ్యే ఖర్చును చివరకు రైతుకిచ్చే ధరలోంచే తీస్తారు. రేవులో పలికే ధర నుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ వచ్చి, ఏమి మిగిలితే అదే కల్లం దగ్గర ఇస్తారని నువ్వు మొదటి నెలలోనే గ్రహిస్తే, నాకు ఆరేళ్ళు పట్టిన పాఠం నీకు త్వరగా అందినట్టే.

ఈ దారులకు ఒక చరిత్ర ఉంది, అది తెలియకుండా అక్కడి అధికారుల జాగ్రత్తను అర్థం చేసుకోలేవు. 1980లలో మొజాంబిక్ అంతర్యుద్ధంలో బెయిరా, నకాలా రైలు మార్గాలు రెండూ మూతబడ్డాయి. దగ్గరి సముద్రం దూరమై, మలావీ సరుకు రెండు వేల కిలోమీటర్లకు పైబడిన దూరాన దక్షిణాఫ్రికాలోని డర్బన్ దాకా, లేదంటే ఉత్తరాన టాంజానియాలోని దారెస్సలాం దాకా లారీల్లో పోవలసి వచ్చింది. అదే కాలంలో ఆ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన సుమారు 10 లక్షల మందికి ఆ చిన్న దేశం చోటిచ్చింది. నేను మొదటి విడత వెళ్ళినప్పుడు ఆ శిబిరాల్లోని చివరి కుటుంబాలు ఇంకా తిరుగుప్రయాణంలో ఉన్నాయి. సహకారం అనే మాట వింటే నాకు ఏ సమావేశ మందిరమూ గుర్తుకు రాదు, తమకే చాలని మొక్కజొన్న పిండిని పక్క దేశపు పిల్లలకు పంచిన ఆ పల్లెలే గుర్తుకు వస్తాయి.

చట్టం మాటకు వస్తే, 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టాల ఒడంబడికలో 125వ అధికరణం తీరం లేని దేశాలకు సముద్రాన్ని చేరే హక్కునూ, పొరుగు దేశాల మీదుగా సరుకు పంపుకునే స్వేచ్ఛనూ ఇస్తుంది. ఆ హక్కును ఏ షరతులతో వాడుకోవాలన్నది మాత్రం ఆయా దేశాలు తమలో తాము కుదుర్చుకునే ఒప్పందాలకు వదిలేసింది. చివరకు లారీ కదలాలంటే పొరుగువారి సమ్మతి కావాలి. దీనికి న్సాంజే రేవును మించిన ఉదాహరణ నాకు తెలియదు. షిరే నది జాంబేజీ నదిలో కలిసి సముద్రానికి పోతుంది కనుక, ఆ నీటి దారిన సరుకు పంపవచ్చని మలావీ ప్రభుత్వం దక్షిణ కొసన న్సాంజేలో రేవు కట్టి, 2010 అక్టోబరులో ఘనంగా ప్రారంభించింది. పర్యావరణ ప్రభావ అధ్యయనం పూర్తి కాకుండా తమ నదీ భాగంలోకి పడవలు రానివ్వమని మొజాంబిక్ అడ్డు చెప్పింది, పరీక్షకు బయలుదేరిన మొదటి పడవను నిలిపివేసింది కూడా. కట్టిన రేవు అలాగే ఉండిపోయింది. వీలైతే ఒకసారి వెళ్ళి చూడు. పొరుగువారితో మాట పూర్తిగా కుదరకముందే పోసిన కాంక్రీటు ఎలా ఉంటుందో అక్కడ కనబడుతుంది.

ఇవి పాత సంగతులని అనుకోవద్దు. 2025 మార్చిలో మలావీ కొన్ని సరుకుల దిగుమతిని నిలిపివేయగా, ఏప్రిల్‌లో టాంజానియా మలావీ వ్యవసాయ సరుకులన్నిటినీ నిషేధించింది. కొద్ది రోజుల్లోనే ఇరుపక్షాలూ మాట్లాడుకుని సర్దుకున్నాయి. అయితే మగ్గిన అరటిపళ్ళూ టమాటాలూ ఆ కొద్ది రోజులు కూడా ఆగలేవు. మరోవైపు, జాంబియా సరిహద్దున మ్చింజి దగ్గర రెండు దేశాల అధికారులు ఒకే ప్రాంగణంలో కూర్చుని లారీని ఒక్కసారే తనిఖీ చేసే కేంద్రం ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు సాయంతో ఏర్పడింది. చూడడానికి అదొక రేకుల షెడ్డూ నాలుగు బల్లలూ మాత్రమే. నా అంచనాలో అలాంటి షెడ్డు ఒకటి పది శిక్షణ శిబిరాల కంటే రైతుకు ఎక్కువ మేలు చేస్తుంది, ఎందుకంటే లారీ సరిహద్దులో నిలబడిన ప్రతి రోజు అద్దె కూడా కందుల ధరలోంచే పోతుంది.

ఇప్పుడు 2017 గురించి చెప్పాలి. ఇది రాయడం నాకు తేలిక కాదు, అయినా నువ్వు వినవలసిన భాగం ఇదే.

2015లో మన దేశంలో కందిపప్పు కిలో 200 రూపాయలకు చేరింది నీకు గుర్తుండే ఉంటుంది. ఆ మరుసటి ఏడాది మన ప్రభుత్వం మొజాంబిక్‌తో ఒప్పందం చేసుకుని, ఏటా ఇంత కంది కొంటామని మాట ఇచ్చింది. మలావీతో అలాంటి ఒప్పందమేదీ అప్పటికి లేదు. అయినా ధర బాగుంది, లింబే మిల్లులు పోటీపడి కొంటున్నాయి, నేను పని చేసిన పథకానికి విత్తనం సిద్ధంగా ఉంది. ఊరూరా తిరిగి, పొగాకు ధర ఏటా పడిపోతున్నదనీ, కందికి మా దేశంలో ఎప్పుడూ గిరాకీ ఉంటుందనీ, మేము రోజూ పప్పు లేకుండా అన్నం తినమనీ చెప్పాను. అందులో అబద్ధం లేదు. మా దేశంలో కూడా కంది పండుతుందని, పండిన ఏడాది దిగుమతులు ఆగుతాయని మాత్రం చెప్పలేదు, చెప్పాలని నాకు తోచనే లేదు. 2016-17లో మన దగ్గర కంది మునుపెన్నడూ లేనంతగా పండింది, మన రైతులే మద్దతు ధర రాక మార్కెట్ యార్డుల్లో రాత్రింబగళ్ళు పడిగాపులు కాశారు. 2017 ఆగస్టులో ప్రభుత్వం కంది దిగుమతిని ఏడాదికి రెండు లక్షల టన్నులకు పరిమితం చేసింది. మొజాంబిక్‌కు ఇచ్చిన మాటకు ఆ పరిమితి నుంచి మినహాయింపు ఉంది, మలావీకి లేదు. పైగా ఆ ఆగస్టు నెలలోనే అక్కడ కంది కోతలు జోరుగా సాగుతాయి.

ఆ సెప్టెంబరులో ములాంజే దగ్గర ఒక ఊళ్ళో ఒక పెద్దావిడ నన్ను తన ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి, గోడవార పేర్చిన ఏడు గోనె సంచులు చూపించి, మీ దేశంవాళ్ళు పప్పు తినడం మానేశారా అని అడిగింది. ఆమె గొంతులో కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలనుకుంది. ఆమె మనుమరాలి బడి ఫీజు ఆ సంచుల మీదే ఆధారపడి ఉంది. నా దగ్గర జవాబు లేదు. తర్వాత ఒక దళారి ఆ సంచులు ముందు ఏడాది ధరతో పోలిస్తే చాలా తక్కువకు తీసుకుపోయాడని విన్నాను. మరుసటి వానల్లో ఆ ఊళ్ళో చాలామంది కంది వేయలేదు. విత్తనం మంచిదే, వాన కురిసింది, రైతులు కష్టపడ్డారు, మొక్క ఏ లోటూ లేకుండా పెరిగింది. అయినా పని మొత్తం చెడిపోయింది.

మలావీతో మన ప్రభుత్వం ఒప్పందం కుదుర్చుకున్నది 2021లో: 2021-22 నుంచి 2025-26 వరకు అయిదేళ్ళ పాటు ఏటా 50,000 టన్నుల కంది ప్రైవేటు వ్యాపారుల ద్వారా కొనేందుకు. అది ముందే ఉండి ఉంటే ఆ ఏడు సంచుల కథ మరోలా ఉండేదని ఇప్పటికీ అనుకుంటాను. అయిదేళ్ళ గడువు తర్వాత ఏమిటన్నది నువ్వు వెళ్ళిన మొదటి వారంలోనే రాజధాని లిలాంగ్వేలోని వాణిజ్య శాఖవారిని అడుగు, మన దౌత్య కార్యాలయంలోనూ అడుగు. ఆ కొలతకు ఎవరి సరుకు లెక్కలోకి వస్తుంది, పంట పుట్టిన దేశాన్ని ధ్రువీకరించే పత్రం ఎవరు ఇస్తారు, ఏ నెలలో ఇస్తారు, చిన్న సంఘానికి ఆ పత్రం దొరుకుతుందా లేక నలుగురు పెద్ద ఎగుమతిదారులకే దొరుకుతుందా అన్నవి విడివిడిగా అడుగు. ఒప్పందం ఉన్నంత మాత్రాన దారి తెరిచినట్టు కాదని కూడా గుర్తుంచుకో. 2023 చివర్లో మన దేశానికి రావలసిన కందులు వ్యాపార వివాదాల మూలంగా నకాలా రేవులోనే నెలల తరబడి నిలిచిపోయాయి.

2017 తర్వాత నేను చేసిన ఒక చిన్న పని చెబుతాను, నచ్చితే నువ్వూ చేయి. చిరాద్జులు జిల్లాలో ఒక మహిళా సంఘంతో బడిపిల్లల నోటుపుస్తకంలో నాలుగు గళ్ళు గీయించాను. మొదటి గడిలో ఊళ్ళో దళారి చెప్పిన ధర, రెండో గడిలో లింబే మిల్లు గేటు దగ్గరి ధర, మూడో గడిలో రేవు దాకా లారీ కిరాయి, నాలుగో గడిలో ముంబై ధర. మొదటి రెండూ వాళ్ళే సేకరించేవారు, చివరి రెండూ నేను ఫోనులో చెప్పేవాణ్ణి. మూడు నెలలు తిరిగేసరికి, దళారి వచ్చి ధర పడిపోయిందని చెబితే, ఎక్కడ పడిపోయిందని ఆ ఆడవాళ్ళు అడగడం మొదలుపెట్టారు. ఆ ప్రశ్న అడగగలగడం వల్ల ధర వెంటనే పెరగలేదు. అయితే ఎప్పుడు అమ్మాలో, ఎన్ని సంచులు ఆపుకోవాలో నిర్ణయించుకునే శక్తి వాళ్ళకు వచ్చింది. మన కంది జనవరిలో కోతకు వచ్చే లోపల వాళ్ళ పంట మన రేవును చేరడం వాళ్ళకున్న గొప్ప అనుకూలత. ఆ నాలుగు నెలల వెసులుబాటు విలువ వాళ్ళకు అంకెల్లో తెలియాలి. తూకం కూడా వాళ్ళ చేతిలో ఉండాలి: దళారి తెచ్చిన కాటా మీద తూచిన సంచిని సంఘం కాటా మీద మళ్ళీ తూచే అలవాటు చేయించు.

మన ఊళ్ళో ఒకరు నన్ను అడిగారు, మన తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ కంది పండించే మన రైతు కడుపు కొట్టి ఆఫ్రికా కందికి దారి వేయడం న్యాయమా అని. నిన్నూ అడుగుతారు, తేలికగా కొట్టిపారేయవద్దు. మన దేశం తినే కంది ఎక్కువ సంవత్సరాల్లో మన పంట కంటే ఎక్కువగానే ఉంటుంది కనుక కొంత దిగుమతి తప్పదు. ఎంత కొంటామో, ఏ నెలలో కొంటామో అయిదేళ్ళ ముందే చెప్పి, మన కోతల సమయానికి సరుకు వచ్చి పడకుండా చూస్తే ఇద్దరు రైతులూ బతుకుతారు. 2017లో నష్టపోయింది ఇద్దరూ. వికారాబాద్ రైతునూ ములాంజే రైతునూ ఒకే ఆకస్మిక నిర్ణయాల వరుస దెబ్బ తీసింది. ముందు దిగుమతికి తలుపులు బార్లా తెరవడం, తర్వాత ఒక్కసారిగా మూయడం రెండూ తప్పే అని నా అభిప్రాయం.

ఇక విత్తనం సంగతి. ఇక్కడ నీకు గర్వించదగిన వారసత్వం ఉంది. మన పటాన్‌చెరులో 1972లో వెలసిన ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పంటల పరిశోధనా సంస్థ, 1982 నుంచి లిలాంగ్వే దగ్గరి చిటెడ్జె పరిశోధనా కేంద్రంలో వేరుశనగ మీద పని చేస్తున్నది. 1990లో అక్కడ విడుదలైన సీజీ7 వేరుశనగ రకాన్ని ఇప్పటికీ పొలాల్లో చూస్తావు. కందిలో ఎండు తెగులును తట్టుకునే సౌమా రకం 1987లో వచ్చింది, ఆ తర్వాత కచాంగు, మ్వాయివతు అలీమి వంటివి వచ్చాయి. ఐర్లండ్ ప్రభుత్వం ఇచ్చిన డబ్బుతో ఒక విత్తన నిధి నడిచింది: రైతుకు విత్తనం అప్పుగా ఇచ్చి, పంట వచ్చాక దానికి కొంత కలిపి తిరిగి తీసుకుని, మరో రైతుకు ఇవ్వడం. ఐర్లండ్ డబ్బు, హైదరాబాద్ పక్క పుట్టిన శాస్త్రం, మలావీ రైతుల చేతులు కలిసిన ఆ ఏర్పాటులో నాకు అన్నిటికంటే నచ్చింది ఆ తిరిగి తీసుకోవడమే. ఉచితంగా పంచిన విత్తనం చాలాసార్లు ఆకలి నెలల్లో వంటపాత్రలోకి పోతుంది. అందులో వాళ్ళ తప్పేమీ లేదు, జనవరి నుంచి మార్చి దాకా అక్కడి గాదెలు ఎలా ఉంటాయో నువ్వే చూస్తావు. అప్పుగా తెచ్చుకున్న విత్తనానికి మాత్రం అడిగేవారు ఒకరుంటారు.

కంది వాళ్ళకు మనం నేర్పిన పంట కాదు. నందోలో అనే పేరుతో ముత్తాతల కాలం నుంచి మొక్కజొన్న సాళ్ళ మధ్య వేసుకుంటున్నారు. నవంబరు, డిసెంబరులో రెండూ కలిపి విత్తుతారు, మొక్కజొన్న ఏప్రిల్‌లో ఇంటికి వస్తుంది, ఆ తర్వాత కంది ఒక్కటే చేలో నిలిచి జులై నుంచి కోతకు వస్తుంది. రాలిన ఆకు నేలను పట్టి ఉంచుతుంది, కందికట్టె పొయ్యిలోకి పనికివస్తుంది. బొగ్గు కోసం కొండలు బోడులవుతున్న ఆ దేశంలో ఒక కుటుంబానికి కొన్ని నెలల వంటచెరకు పొలంలోనే దొరకడం చిన్న సంగతి కాదు. ఎకరాకు ఎన్ని క్వింటాళ్ళు అనే లెక్క ఒక్కటే రాసుకుంటే ఈ లాభాలన్నీ నీ నివేదికలోంచి జారిపోతాయి. దక్షిణాన ఇంత బాగున్న కంది మధ్య జిల్లాల్లో ఎందుకు లేదని అడిగితే, నేల సంగతో వాన సంగతో చెబుతారు. అసలు కారణాల్లో మేకలు ఒకటి. మొక్కజొన్న కోసిన తర్వాత అక్కడ పశువులను విచ్చలవిడిగా వదులుతారు, చేలో పచ్చగా మిగిలేది కంది ఒక్కటే. ఊరిపెద్దను ఒప్పించి, కోతలు అయ్యేదాకా మేకలను కట్టేసే కట్టుబాటు పెట్టించకుండా అక్కడ కంది విత్తనం ఇవ్వడం వృథా.

ఊరిపెద్ద మాట వచ్చింది కనుక ఒక ముఖ్యమైన సంగతి. దక్షిణ, మధ్య మలావీలో వంశం తల్లి వైపు నుంచి నడుస్తుంది. చాలా చోట్ల పెళ్ళయ్యాక మగవాడే భార్య ఊరికి వెళ్తాడు, భూమి తల్లి నుంచి కూతురికి వస్తుంది. అయినా పథకాల సమావేశాల్లో ముందు వరసలో మగవాళ్ళే కూర్చుంటారు, సంతకాలూ వాళ్ళవే తీసుకుంటారు. భూమి ఎవరిదో అడిగి, ఆమెతో మాట్లాడు. ఆ ఇంటి ఆడపడుచుల మంచిచెడ్డలు చూసే బాధ్యత అక్కడ మేనమామది, అతన్ని మ్వినీ మ్బుంబా అంటారు. పెద్ద నిర్ణయాల్లో అతన్ని దాటి పోతే పని జరగదు. ఇది విన్న మొదటి రోజు నాకు మన ఇళ్ళే గుర్తుకొచ్చాయి, నీకు ఈ ఉత్తరం రాసే అధికారం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా.

వేరుశనగ గురించి క్లుప్తంగా చెబుతాను. ఒకప్పుడు యూరప్ కొన్న మలావీ పల్లీలకు ఆ మార్కెట్ దూరం కావడానికి ముఖ్య కారణం అఫ్లటాక్సిన్ అనే బూజు విషం. కాయలు ఒలవడం చేతులకు కష్టమని నీళ్ళు చల్లి మెత్తబరచి ఒలుస్తారు, ఆ తడి బూజుకు చోటిస్తుంది. దాన్ని తక్కువ ఖర్చుతో గుర్తించే పరీక్షను పటాన్‌చెరులో రూపొందించారు, చిటెడ్జెలోనూ చేస్తారు. అయితే పరీక్షకు ముందు కావలసింది చేతితో తిప్పే ఒలిచే యంత్రం. నీళ్ళు చల్లవద్దని చెప్పి యంత్రం ఇవ్వకపోతే, ఆ మాట రాత్రి పొద్దుపోయేదాకా కాయలు ఒలిచే ఆడవాళ్ళ బొటనవేళ్ళ మీద భారం వేయడమే అవుతుంది.

యంత్రాల విషయంలో నేను చూసినది ఒకటి చెప్పాలి. ఒక విదేశీ పథకం ఖరీదైన ఒలిచే మిషన్లు తెప్పించింది. విడిభాగాలు ఆ తయారీ దేశం నుంచే రావాలి, విదేశీ మారకం కొరత వల్ల డబ్బు పంపడానికి నెలలు పట్టేది. రెండో సీజనుకు బెల్టులు తెగాయి, మిషన్ల మీద కోళ్ళు గూళ్ళు కట్టుకున్నాయి. అదే ఊళ్ళో వెల్డింగ్ దుకాణం కుర్రాడు చేసిన మొరటు యంత్రం మాత్రం నేను వచ్చేదాకా తిరుగుతూనే ఉంది. ఏ వస్తువు కొన్నా, ఇది చెడిపోతే బ్లాంటైర్‌లో ఎవరు బాగుచేస్తారని ముందు అడుగు. 2023 నవంబరులో డాలరు ధరను 44 శాతం పెంచుతూ, క్వాచా అనే వాళ్ళ డబ్బు విలువను ఒక్కసారిగా తగ్గించినప్పుడు బయటి నుంచి వచ్చే ప్రతి వస్తువూ రాత్రికి రాత్రి రైతుకు అందకుండా పోయింది.

ఇచ్చేవారి చేతులు కూడా శాశ్వతం కావు. ఏళ్ళ తరబడి మలావీకి అతిపెద్ద సహాయకుల్లో ఒకరైన అమెరికా, 2025లో తన యూఎస్‌ఎయిడ్ సంస్థనే మూసివేసింది. ఆసుపత్రుల నుంచి వ్యవసాయ పథకాల దాకా ఎన్నో పనులు మధ్యలో నిలిచిపోయాయి. నీ పథకం మూడేళ్ళు సాగుతుందని రాసి ఉన్నా, పద్దెనిమిది నెలల్లో ఆగిపోతే ఏమి మిగులుతుందో అన్న లెక్క మొదటి రోజే వేసుకో. మిగిలేది చాలా వరకు మనుషులే. మన రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థలో శిక్షణ పొంది వెళ్ళిన మలావీ వ్యవసాయ విస్తరణాధికారులు ఉన్నారు. వాళ్ళను వెతికి పట్టుకో. వాళ్ళు మన పప్పు మిల్లులూ మార్కెట్ యార్డులూ కళ్ళారా చూసినవాళ్ళు, నువ్వు తిరిగి వచ్చాక కూడా అక్కడే ఉండేవాళ్ళు. నీ పథకం జీపులో నువ్వొక్కదానివే ఊళ్ళకు పోవడం కన్నా, ప్రభుత్వ విస్తరణాధికారి మోటారుసైకిలుకు పెట్రోలు పోయించి అతని వెనక నువ్వు నడవడం మేలు. రైతులు అతనికి అలవాటు పడాలి, నీకు కాదు.

వాతావరణాన్ని తేలికగా తీసుకోకు. 2022 జనవరిలో అనా తుపాను షిరే నది మీది కపిచిరా జలవిద్యుత్ కేంద్రాన్ని దెబ్బతీసి, సుమారు 130 మెగావాట్ల విద్యుత్తును ఏడాదికి పైగా లేకుండా చేసింది. ప్రపంచ బ్యాంకు సాయంతో దాన్ని బాగుచేశారు. విద్యుత్తు పోయిందంటే పప్పు మిల్లు ఆగిందని, రైతు సంచి ఇంట్లోనే ఉందని అర్థం. మొజాంబిక్‌తో విద్యుత్ లైను కలపడమనే పని ఎక్కడో ఉన్నతాధికారుల వ్యవహారంలా కనిపించినా అది కంది ధర వ్యవహారమే. 2023 మార్చిలో ఫ్రెడ్డీ తుపాను నువ్వు పని చేయబోయే జిల్లాల మీదే విరుచుకుపడింది. వెయ్యి మందికి పైగా చనిపోవడమో ఆచూకీ లేకుండా పోవడమో జరిగింది. ఆ మరుసటి ఏడాదే ఎల్ నినో కరువు వచ్చి, 28 జిల్లాల్లో 23 జిల్లాలను విపత్తు ప్రాంతాలుగా ప్రకటించారు. విత్తన నిధిలో కనీసం ఒక సీజనుకు సరిపడే నిల్వ వేరే ఊళ్ళో, మెట్ట మీద దాచి ఉంచమని సంఘాలకు చెప్పు. ఫ్రెడ్డీ తర్వాత విత్తనం మిగిలిన ఊళ్ళు అలా దాచినవే అని నాతో పని చేసిన ఒక మిత్రుడు ఫోనులో చెప్పాడు.

తీరం లేని 32 అభివృద్ధి చెందుతున్న దేశాల కోసం ఐక్యరాజ్యసమితి 2003లో అల్మాటీలో, 2014లో వియన్నాలో సమావేశాలు జరిపింది. 2024 నుంచి 2034 వరకు వర్తించే అవాజా కార్యాచరణ మీద 2025 ఆగస్టులో తుర్క్‌మెనిస్తాన్‌లో మూడో సమావేశం జరిగింది. ఆ పత్రాన్ని చదువు, తీసిపారేయకు. నీ జిల్లాలో ఒక సరిహద్దు షెడ్డు కావాలని అడగడానికి అందులోని ఒక వాక్యం నీకు ఆధారంగా పనికిరావచ్చు. కాకపోతే దాన్ని మలావీ వాణిజ్య శాఖలో నీ ఎదుట కూర్చునే గుమాస్తాకు అర్థమయ్యేలా ఒక పేజీకి కుదించుకుని తీసుకువెళ్ళు.

చిచెవా భాష నేర్చుకో, ఆరు నెలల్లో వస్తుంది. ఊళ్ళోకి వెళ్ళగానే ముందు ఊరిపెద్దను పలకరించు. ఆడవాళ్ళ మధ్య నేల మీద కూర్చునేటప్పుడు నడుముకు చుట్టుకునే చిటెంజే గుడ్డ ఒకటి ఎప్పుడూ నీ సంచిలో ఉంచుకో. పెట్టిన న్సిమాను, అంటే మొక్కజొన్న పిండి సంకటిని, కుడిచేత్తో తిను, వద్దనకు. ఏ ధర గురించి అడిగినా, తెలియకపోతే తెలియదని చెప్పు. నేను ఆ ఒక్క పని చేయలేకపోయాను.

చిరాద్జులులో ఆ మహిళా సంఘం ఉన్న ఊరి గుర్తులు వేరే కాగితం మీద రాసి దీనితో పెడుతున్నాను. ఆ నోటుపుస్తకం బహుశా ఇప్పటికి నిండిపోయి ఉంటుంది. ఇంకా రాస్తున్నారో లేదో కనుక్కుని, రాస్తూ ఉంటే ఆఖరి పేజీలో నాలుగు గళ్ళలోనూ ఉన్న అంకెలు నాకు పంపించు. మొదటి గడికీ రెండో గడికీ మధ్య తేడా ఎంతుందో చూడాలని ఉంది. వాళ్ళకు మూడో గడి, నాలుగో గడి ఇప్పుడు ఎవరు చెబుతున్నారో కూడా అడుగు. ఎవరూ చెప్పకపోతే, నువ్వు చేరిన వారంలోనే ఆ పని మొదలుపెట్టు, ముంబై ధర ప్రతి సోమవారం నేను ఇక్కడి నుంచి చెబుతాను.

ఇట్లు
నీ మేనమామ
తాండూరు